గడ్డిపోచ చెప్పిన సుడి

మా ఊరి లాకుల దగ్గర కాలువలో సుడి కంటికి కనిపించేది కాదు. దాని చుట్టూ తిరిగే గడ్డిపోచ కనిపించేది. పోచ తిరిగే తీరును బట్టి సుడి ఎక్కడుందో, ఎంత బలమైనదో పడవవాళ్ళు చెప్పేసేవారు. చాలా ఏళ్ళ తరువాత పరాయి దేశంలో పరిశోధన పేరిట నేను చేసిన పనీ ఇంచుమించు అదే.

సుడి ఉన్న చోటు తెలియదు కనుక ఒకటి కాదు, యాభై ఊహలు చేస్తాం. ఒక్కొక్క ఊహనూ ప్రవాహ సమీకరణాలతో ముందుకు నడుపుతాం. నీటిపై వదిలిన తేలే బుర్ర ఎక్కడికి చేరిందో కబురు అందగానే ఊహలన్నిటినీ ఆ కబురుకు తగినట్టు కొంత జరుపుతాం. ఎంత జరపాలన్నదే కీలకం. ఊహలు తమలో తాము ఎంత విభేదిస్తే కబురుకు అంత విలువ. 1960లో కాల్మన్ వేసిన బాటను 1994లో ఎవెన్‌సెన్ ఈ ఊహల గుంపుకు విస్తరించాడు. దీనికొక జబ్బుంది. ఊహలన్నీ తొందరపడి ఏకాభిప్రాయానికి వస్తే ఇక ఏ కబురూ వాటి చెవికెక్కదు. సుడిది ఒక దారి, లెక్కది ఒక దారి.

2014 అక్టోబరులో ఆ జబ్బు నాకే పట్టింది. హుద్‌హుద్ అండమాన్ దాటింది. వాతావరణ శాఖ విశాఖ వైపే వేలు చూపుతోంది. నాన్న పోయాక అమ్మ అక్కడ సముద్రపు ఒడ్డున ఒంటరిగా ఉంటోంది. "ఒడిశాకు మళ్ళుతుందిలే అమ్మా, కదలకు" అన్నాను ఫోనులో. అంతకు ముందు ఏడాది ఫైలిన్ గోపాల్‌పూర్‌కే పోయింది కదా! బులెటిన్లు మారకపోయినా, నేనూ మాట మార్చుకోలేదు. (చదువుకున్నవాడి మొండితనం వేరే రకం.)

"డెబ్బై ఏడులో దివిసీమలో మా మేనమామా ఇంతే ధీమాగా అన్నాడు నాయనా" అని అమ్మ పెందుర్తిలో పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. 1977 నవంబరు 19 నాటి ఆ ఉప్పెన వేలమందిని మింగింది. ఆ మేనమామను నేను ఫోటోలోనే చూశాను.

అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. విశాఖ రాడారు దెబ్బతింది. ఫోన్లు మూగబోయాయి. ఉపగ్రహ చిత్రాలనూ, టీవీలో కూలిన చెట్లనూ చూస్తూ పిన్ని ఇంటి పైకప్పు గురించి ఎన్ని ఊహలు చేశానో. ఏ రెండూ కలవలేదు.

మూడవ రోజు ఎవరి ఫోను నుంచో అమ్మ గొంతు.

"మన వసారా లేదురా. నేనున్నాను."