మొదటి కాల్: బెల్ మోగకముందే మొదలయ్యే ఉద్యోగం



జీఎస్-3లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ అనగానే మనందరికీ నోటికొచ్చే మాటలు నాలుగు: నివారణ, సన్నద్ధత, స్పందన, పునరావాసం. నాలుగు పెట్టెలు గీసి మధ్యలో బాణాలు వేస్తే సగం మార్కులు వచ్చేసినట్టే అనుకుంటాం. ఈసారి ఆ బాణాలు పక్కనపెట్టి, ఒక ఫైర్‌మన్‌కు తన మొదటి కాల్ ఎలా గుర్తుండిపోయిందో చూద్దాం. ఇది ఆన్సర్ రైటింగ్‌కు పనికొస్తుంది. మనం అసలు ఏ ఉద్యోగం కోసం చదువుతున్నామో తెలుసుకోవడానికి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

మాది జంషెడ్‌పూర్‌లోని సాక్చి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే. మా వీధిలో ఒక రిటైర్డ్ ఫైర్‌మన్ ఉంటారు. మావయ్యా అని పిలుస్తాను. నోట్స్ కోసం ఒక సాయంత్రం వెళ్లి, మీ మొదటి కాల్ గురించి చెప్పండి అన్నాను. మంటలు ఎంత ఎత్తు లేచాయి, ఎంతమందిని కాపాడారు అని నా కాగితం మీద ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి.

"మంట సంగతి అడుగుతావేటి బాబూ, నాకు గుర్తున్నది బస్తాలు" అన్నారాయన.

ట్రైనింగ్ అయ్యాక రెండో నెల. అర్ధరాత్రి బెల్ మోగింది. బజారులో ఒక బట్టల గోడౌన్. సందు మొదట్లోనే ఫైర్ ఇంజిన్ ఆగిపోయింది, తోపుడు బళ్లు అడ్డం. హోసులు భుజాన వేసుకుని పరుగెత్తారు. లోపల అటక మీద ఒక కుర్రాడు పడుకుని ఉన్నాడని ఎవరో అరిచారు. ముందువైపు పొగ. వెనకాల తలుపు ఉంది, కానీ దానికి ఆనించి లోపలి నుంచి సరుకు బస్తాలు పేర్చి ఉన్నాయి. తలుపు పగలగొట్టి, నేల మీద పాకుతూ ఒక్కో బస్తా లాగారు. పొగ పైకి పోతుంది, నేలకు దగ్గరగా కొంచెం గాలి మిగులుతుంది. సీనియర్ ఆయన వీపు మీద చెయ్యి వేసి "వంగు, ఇంకా వంగు" అంటూనే ఉన్నారట. కుర్రాడు బతికాడు. మావయ్యకు మాత్రం ఆ బస్తాల బరువు ఇంకా చేతుల్లో ఉంది. "అవి ఆ రాత్రి పెట్టినవి కావు. ఎన్నాళ్లనుంచో అక్కడే ఉన్నాయి. రోజూ అందరూ చూసినవే" అన్నారు.

ఇంజినీరింగ్ చదివిన అలవాటు కొద్దీ ఇంటికొచ్చి ఒక లెక్క వేశాను. 4,500 లీటర్ల ట్యాంకు ఉన్న బండి, నిమిషానికి 450 లీటర్లు కొడితే, నీళ్లు 10 నిమిషాలు వస్తాయి. ఆ తర్వాత హైడ్రెంట్ ఉండాలి, లేదా ఇంకో బండి రావాలి. ఫైర్‌మన్ ధైర్యం ఎంతదైనా, అతని చేతిలో ఉన్నది ఆ 10 నిమిషాలే. మిగతాదంతా ఎవరో ఎప్పుడో చేసి పెట్టిన పని, లేదా చేయకుండా వదిలేసిన పని.

ఈ కోణంలో మనకు తెలిసిన ఉదాహరణలు మళ్లీ చూడండి. ఏప్రిల్ 14ను జాతీయ అగ్నిమాపక సేవా దినంగా ఎందుకు జరుపుకుంటాం? 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. మంట ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ ఓడలో పేలుడు సామగ్రి ఉంది, అదే ఓడలోకి కరాచీలో పత్తి బేళ్లు ఎక్కించారు. ఆ నిర్ణయం జరిగిన చోట ఫైర్‌మన్ లేడు.

మా ఊరి ఉదాహరణ 1989 మార్చి 3. జంషెడ్‌జీ టాటా 150వ జయంతి వేడుకల్లో వీఐపీ పండాలు అంటుకుంది. 60 మంది చనిపోయారు. పరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ లెక్క కట్టగా, 2001లో లతా వాధ్వా కేసు తీర్పు వచ్చింది. 34 నుంచి 59 ఏళ్ల మధ్య గృహిణి ఇంట్లో చేసే పనికి నెలకు 3,000 రూపాయల చొప్పున విలువ కట్టింది కోర్టు. జీఎస్-1లో మహిళల జీతం లేని శ్రమ గురించి రాసేటప్పుడు ఈ తీర్పు వాడండి. కానీ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోకండి. వేడుక చూడ్డానికి వెళ్లి ఇంటికి తిరిగి రాని వాళ్ల నుంచి వచ్చింది.

ఇప్పుడు పాలిటీ. 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో 18 అంశాలుంటే, 7వది ఫైర్ సర్వీసులు. అంటే ఇది రాష్ట్రం చట్టం చేసి మున్సిపాలిటీకి అప్పగించదగిన పని. మరి జంషెడ్‌పూర్‌లో? ఇక్కడ ఎన్నికైన మున్సిపాలిటీ లేదు, నోటిఫైడ్ ఏరియా కమిటీ ఉంది. 243క్యూ అధికరణలోని మినహాయింపు కింద 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇండస్ట్రియల్ టౌన్‌షిప్‌గా నోటిఫై చేసింది. కర్మాగారానికి సొంత ఫైర్ బ్రిగేడ్ ఉంది, గోల్మురిలో ప్రభుత్వ ఫైర్ స్టేషన్ ఉంది. కాల్ వస్తే బండి కదులుతుంది. కానీ బజారు సందులో తోపుడు బళ్లను, వెనక తలుపు దగ్గర బస్తాలను తీయించే బాధ్యత ఎవరిది? ఓటు వేసి నిలదీయడానికి కౌన్సిలర్ లేని ఊళ్లో ఆ ప్రశ్న ఎవరిని అడగాలి? స్థానిక స్వపరిపాలన చాప్టర్ నాకు అసలు అర్థమైంది ఈ ప్రశ్న దగ్గరే.

డబ్బు అసలే లేదని కూడా రాయకండి. 15వ ఆర్థిక సంఘం సిఫార్సు ఆధారంగా రాష్ట్రాల్లో అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5,000 కోట్ల రూపాయల పథకం తెచ్చింది. బండ్లు కొనొచ్చు, స్టేషన్లు కట్టొచ్చు. తలుపు ముందు బస్తా తీయించడానికి మాత్రం తనిఖీకి వెళ్లి, చూసి, నిజం రాసే మనిషి కావాలి.

అది రేపు మనమే కావచ్చు. మున్సిపల్ కమిషనర్‌గానో, ఆర్డీవోగానో, కలెక్టర్‌గానో మన మొదటి కాల్ బెల్ మోగించుకుంటూ రాదు. మధ్యాహ్నం టేబుల్ మీదికి ఒక ఫైలులా వస్తుంది. ఫలానా భవనానికి అనుమతి, సంతకం చేయండి సార్ అంటారు. ఆ సంతకం ఎన్నేళ్ల తర్వాత ఏ ఫైర్‌మన్ చేతికి బరువవుతుందో అప్పుడు కనబడదు.

ఇది మనకు దూరపు విషయం కూడా కాదు. 2019 మే 24న సూరత్‌లో కోచింగ్ క్లాసులున్న భవనంలో మంటలకు 22 మంది విద్యార్థులు చనిపోయారు. 2023 జూన్ 15న ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో మనలాంటి అభ్యర్థులే కిటికీల్లోంచి తీగలు పట్టుకుని కిందికి దిగారు. ఇది చదవడం అయ్యాక ఒకసారి లేచి, మీ రీడింగ్ రూముకు రెండో దారి ఉందో లేదో చూడండి. ఉంటే దాని ముందు ఏం పెట్టారో చూడండి. అట్టపెట్టెలో, పాత కుర్చీలో ఉంటే ఓనర్‌తో మాట్లాడి తీయించండి. పోస్టింగ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

ఈ వారం ప్రాక్టీస్ ప్రశ్న: "అగ్నిప్రమాదాల్లో ప్రాణనష్టానికి స్పందనలో జాప్యం కంటే నివారణలో నిర్లక్ష్యమే ఎక్కువ కారణం." 12వ షెడ్యూల్, 243క్యూ మినహాయింపు నేపథ్యంలో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు. రాసేముందు వీలైతే మీ ఊరి ఫైర్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడి పెద్దవాళ్లను మొదటి కాల్ గురించి అడగండి. వాళ్లు మంట గురించి చెప్పకపోతే, దేని గురించి చెప్పారో అది రాసుకోండి.