వంతకు పేరు లేదా?

మన భాషలోని కొన్ని మాటలకు కాలక్రమమున అపకీర్తి కలిగినది. అందు "వంతపాడుట" యొకటి. ఒకడు చెప్పినదానికెల్ల మఱొకడు తల యూపినచో "వాడు వీనికి వంతపాడుచున్నాడు" అందుము. సభలలోను పత్రికలలోను ఈ మాట యెత్తిపొడుపుగా నిత్యము వినవచ్చుచున్నది. మేమును చాలకాలము అట్లే వాడితిమి. ఈ మాట యెట్టివారి వృత్తినుండి పుట్టినదో కన్నులార చూచియు వాడితిమి. అది మా యపరాధము. దానిని చదువరులకు విన్నవించుకొనుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొన్నటి సంక్రాంతికి మా మనుమడు బెంగుళూరునుండి కొమరోలు వచ్చెను. వాడు తొడుగుకొనిన చొక్కామీద 1976వ సంవత్సరపు ఇంగ్లీషు గోడపత్రిక యొకటి అచ్చువేసి యుండెను. పైన పెద్ద యక్షరములలో సెక్స్ పిస్టల్స్ అను మేళము పేరును, దాని క్రింద చిన్న యక్షరములలో డామ్‌డ్, హార్ట్‌బ్రేకర్స్, క్లాష్ అను మఱి మూడు మేళముల పేర్లును గలవు. పంక్ రాక్ అనునది 1970వ దశకమున న్యూయార్కు, లండను నగరములలో తలయెత్తిన సంగీతము. దానికి గురుకులవాసము అక్కఱలేదు. గిటారుమీద రెండు మూడు మేళనములు తెలిసి, గొంతులో కోపమున్న చాలును. పెద్దలు మెచ్చుటకు గాక, పెద్దలను నిలదీయుటకు పుట్టిన పాట యది.

ఆ యేడు డిసెంబరులో ఈ నాలుగు మేళములును కలిసి ఇంగ్లండు పట్టణములను చుట్టివచ్చుటకు బయలుదేఱినవి. అంతలో పెద్ద మేళమువారు టెలివిజనులో బూతులాడిరని దేశమంతట గగ్గోలు పుట్టెను. ఊరూర అధికారులును, నాటకశాలల యజమానులును తలుపులు మూసికొనిరి. నిశ్చయించిన ప్రదర్శనలలో చాలభాగము జరుగనే లేదు. పేరు పైనున్నవారిమీది కోపమునకు, క్రిందనున్నవారును కూలి పోగొట్టుకొనిరి.

"తాతా, పై పేరు అందరికీ తెలుసు. కింద పేర్లు చూడు. వీళ్లు లేకపోతే ఆ పేరు అంత ఎత్తుకు పోయేదా?" అని మావాడు అడిగెను. పెద్ద మేళము 1978 జనవరిలో విచ్ఛిన్నమయ్యెను. చిన్న యక్షరములలోని క్లాష్ మేళము 1979లో "లండన్ కాలింగ్" అను గానసంపుటమును వెలువరించి లోకమంతట ఖ్యాతి గాంచెను. మావాడు ఈ సంగతులు చెప్పుచుండగా మా మనస్సు మాత్రము లండనులో లేదు. అది 1963వ సంవత్సరపు వేసవిలో మా యూరి గోడమీద అంటించిన మఱియొక పత్రికను చదువుచుండెను. అందు బుర్రకథకుని పేరు బెత్తెడు అక్షరములతో నుండెను. దాని క్రింద "ఇద్దఱు వంతలతో" అని యుండెను. అంతే.

అప్పుడు మాకు పదునొకండేండ్లు. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువఱకు మా గిద్దలూరు తాలూకా కర్నూలు జిల్లాలోనిది. గుంటూరు సీమనుండి వచ్చు కథకులు మీటరుగేజి రైలులో గిద్దలూరు దిగి, అక్కడినుండి బస్సులో తంబురను ఒడిలో పెట్టుకొని కొమరోలు చేరెడువారు. ఆ యేడు వచ్చిన దళము మూడు రాత్రులు పల్నాటి యుద్ధము చెప్పుటకు ఒప్పుకొనెను. పలనాడు మాకు పరాయిసీమ కాదు. మార్కాపురము దాటి ఈశాన్యముగా పోయిన అదియే. కనుక చుట్టుప్రక్కల పల్లెలనుండి బండ్లు కట్టుకొని జనులు వచ్చిరి.

బుర్రకథ నెఱుగని తెలుగువారు లేరు. అయినను, దాని పనితనమును గుర్తు చేయుట మంచిది. నడుమ కథకుడు నిలుచును. అతని భుజముమీద తంబుర, కుడిచేతి వ్రేలికి అందెలు, కాళ్లకు గజ్జెలు. ఇరుప్రక్కల ఇద్దఱు వంతలు గుమ్మెటలు వాయించుచు నిలుతురు. కుడివంత లోకవ్యవహారము నెఱిగినవాడు. కథను ఆపి నేటి రాజకీయమును ప్రస్తావించును. ఎడమవంత హాస్యగాడు. కథకుడు చరణము నెత్తుకొనగా వీరందుకొని ముగింతురు. వీరు పాడు ఆ క్షణములోనే కథకునికి ఊపిరి తీసికొను వ్యవధి దొరకును. మూడేసి గంటలు ఆడుచు పాడుచు చెప్పువానికి ఆ వ్యవధియే ప్రాణము. తాళము వంతల చేతిలో నున్నది, నవ్వు వంతల నోట నున్నది, కథకుని యూపిరియు వంతల దయలోనే యున్నది.

ఈ కళకు నేటి రూపము వచ్చుటకు వెనుక గొప్ప చరిత్ర గలదు. జంగములు చెప్పిన కథలనుండి వచ్చిన యీ ప్రక్రియను 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి చేపట్టి, ఊరూరికి కొనిపోయెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజరు దీనికి తన గాత్రమును, నటనను ధారపోసి, బుర్రకథ యనగానే నాజరు పేరు తలచునట్లు చేసెను. బీద కుటుంబమున పుట్టిన ఆయన జీవితకథ "పింజారి" యను పేర వెలువడినది. బెంగాలు కఱవును గూర్చి కథ చెప్పిన దళములను, రైతుకూలీల గోడు వినిపించిన దళములను ప్రభుత్వములు సహింపలేదు. చెన్నపురిలోను నైజాములోను నిషేధములు వచ్చినవి. ఆ కళాకారులు కాలినడకను పల్లెలు తిరిగిరి. పోలీసుల కంటబడక రాత్రులు కథలు చెప్పిరి. 1986లో నాజరుగారికి పద్మశ్రీ బిరుదము వచ్చెను. 1997లో ఆయన గతించెను. లండను కుఱ్ఱవాండ్రకు మూడు దశాబ్దములకు ముందే, అధికారులచేత తలుపులు మూయించుకొనిన గొప్పతనము మన గుమ్మెటకు దక్కినది.

ఇక మా యింటి సంగతి. మా తండ్రిగారు చదువుకొనినవారు. సంస్కరణ వ్యాసములున్న మాసపత్రికలను తెప్పించుకొని, మాచేత బిగ్గఱగా చదివించెడివారు. దళము భోజనభారమును ఆయనయే వహించిరి. మాది మెట్ట ప్రాంతము. నిత్యము జొన్నసంకటియో కొఱ్ఱన్నమో. వరియన్నము పండుగలకును చుట్టములకును మాత్రమే.

మొదటి రాత్రి కథలో బ్రహ్మనాయుని చాపకూడు వచ్చెను. అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టిన ఆ ఘట్టమును కథకుడు చెప్పుచుండగా, పెట్రోమాక్సు వెలుగులో మా తండ్రిగారి కన్నులు చెమర్చుట మేము చూచితిమి. ఆ కన్నీరు అబద్ధమని మేమిప్పటికిని అనుకొనము.

మఱునాటి మధ్యాహ్నము కథకునికి లోపలి పంచలో పీట వేసి, విస్తరిలో వరియన్నము వడ్డించిరి. ఎడమవంత ఊరి వెలుపలి వాడలో పుట్టినవాడని తెలిసినందున అతనికి పశువుల కొట్టములో మోదుగాకులో సంకటి పెట్టిరి. కుడివంతకు పంచలో చోటున్నను, "నేనూ వాడితోనే తింటాను" అని తన విస్తరిని చేతబట్టుకొని కొట్టములోనికి నడచెను. కథకుడు తల వంచుకొని తినెను. ఎవరును ఏమియు అనలేదు. నీళ్లచెంబు అందించినవారము మేమే. ఎడమవంత దోసిలి పట్టగా పైనుండి పోసితిమి. అట్లే పోయవలెనని మాకెవరును చెప్పలేదు. చెప్పకయే తెలిసియుండెను.

ఆ రాత్రి కథ మంచిపట్టులో నుండగా ఎడమవంత గుమ్మెటను ఆపెను.

"అన్నా!"

"ఏమి తమ్ముడా?"

"బ్రహ్మనాయుడు పరిచిన చాప ఎంత పొడుగన్నా?"

"మాచర్ల సీమ అంత పొడుగు తమ్ముడా!"

"అయితే ఈ మధ్య చినిగిపోయినట్టుంది. మధ్యాహ్నం చూస్తే పంచలోనే ఆగిపోయింది. కొట్టం దాకా రాలేదు!"

జనులు గొల్లున నవ్విరి. పిదప, ఎవరి పంచయో ఎవరి కొట్టమో తెలిసి, నవ్వు ముందు వరుసనుండి వెనుకకు క్రమముగా అణగిపోయెను. కథకుడు ఆ మాటను పాటతో కప్పివేయవచ్చును. తమకు అన్నము పెట్టు యింటి యజమాని యెదుటనే కూర్చుండియున్నాడు గదా. అతడు కప్పలేదు. తంబురను ఒక్కసారి మీటి, "చాప చినిగితే మళ్లీ నేసేవాడు ఊళ్లో ఉండాలి తమ్ముడా!" అనెను. గుమ్మెటలు మరల మ్రోగినవి. కథ సాగెను.

మా తండ్రిగారు ఇంటికి వచ్చి ఎవరితోను మాటలాడలేదు. మూడవనాటి మధ్యాహ్నము మా అవ్వ పంచలో మూడు విస్తళ్లు ఒకే వరుసను వేసెను. ఆమె పత్రికలు చదివినది కాదు. "నా కూటిమీద ఊరు నవ్వింది. ఇంకొకసారి నవ్వకూడదు" అని మాత్రమే యనెను. అది దయయో, సిగ్గో మేము నిర్ణయింపలేము. సంస్కారము ఒక్కొక్కయింట జ్ఞానమను తలవాకిట గాక, సిగ్గను దొడ్డివాకిట ప్రవేశించునని మాత్రము తెలిసికొంటిమి. ఎడమవంత ఆ దినమున హాస్యమేమియు ఆడలేదు. నెమ్మదిగా భోంచేసి, మజ్జిగ రెండవమాఱు అడిగి పోయించుకొనెను. ఈసారి చెంబును అతని చేతికే యిచ్చితిమి.

ఇంతటితో కథ సుఖాంతమైనదని చదువరులు తలంతురేమో. మేమును చాలకాలము అట్లే తలచి, ఈ వృత్తాంతమును నలుగురిలో గర్వముగా చెప్పుకొంటిమి. మా తండ్రిగారు గతించిన పిదప ఆయన లెక్కల పుస్తకములను చూచుచుండగా ఆ వేసవి పద్దు కనబడెను. కథకుని పేరు "గారు" అను గౌరవముతో వ్రాసి, ఎదుట అఱువది రూపాయలు, ఒక శాలువ. దాని క్రింద "వంతలిద్దఱికి, ఇరువది". అదే పుటలో మా యెద్దులకు నాడాలు వేయించిన ఖర్చున్నది. ఎద్దుల పేర్లు వేర్వేఱుగ వ్రాసియున్నవి. మా యింటి చాపను చింపి చూపినవాని పేరు మాత్రము లేదు. తండ్రిగారిని ఏల నిందింపవలె? మూడు దినములు ఆ వంత చుట్టును తిరిగిన మేమును అడుగలేదు. ఊరంతయు "ఎడమవంత" అని పిలిచినది. మేమును అట్లే పిలిచితిమి. పంక్తిలో చోటిచ్చితిమి గాని పద్దులో చోటీయలేదు.

కాబట్టి "వంతపాడుట" యను నింద ఎంత తలక్రిందులైనదో ఆలోచింపుడు. ఆ రాత్రి అధికారమునకు తల యూపినవాడు వంత కాడు. తల యూపినవారము సభలోని మేము. చాపకూటి కథకు కన్నీరు పెట్టి, ఇంటికి పోయి కొట్టములో వడ్డించినవారము మేము. వంత యనువాడు కథను ఆపి ప్రశ్న వేయువాడు. ఆ ప్రశ్న లేనియెడల కథ పండ్రెండవ శతాబ్దమునందే యుండిపోవును, కొమరోలికి రాదు. అట్టివాని వృత్తినామమును ముఖప్రీతికి పర్యాయముగా వాడుట కృతఘ్నత.

ఈ కృతఘ్నత మనకే ప్రత్యేకము కాదు. నేడు పాశ్చాత్యదేశముల సంగీతయాత్రలలో, పెద్ద మేళమునకు ముందు పాడు చిన్న మేళములు కొన్ని యెడల తామే యెదురు సొమ్ము చెల్లించి ఆ యవకాశము సంపాదించుకొనునని మా మనుమడు చెప్పినాడు. శ్రోతలు వచ్చి కూర్చుండువఱకు ఖాళీ కుర్చీలకు పాడుట వారి వంతు. పెద్దవారు వచ్చునప్పటికి సభ వేడెక్కి యుండును. ఆ వేడి యెవరు పుట్టించిరని అడుగువారు అరుదు.

సంస్కరణాభిమానులైన గృహస్థులు ఈ విషయమున చేయదగిన పనులు పెద్దవి కావు. మీ యూర కథయో, నాటకమో, హరికథయో పెట్టించునప్పుడు ప్రధానుని పేరుతోపాటు ప్రక్కవారి పేర్లును అడుగుడు. గోడపత్రికలో చదువదగినంత అక్షరములతో అచ్చువేయింపుడు. ప్రతిఫలమును ఎవరికెంతయో ముందుగా మాటలాడి, ఎవరిది వారి చేతికే యిండు. శాలువ యొక్కటే కొనగలిగినచో దానిని మానుకొని మూడు తువాళ్లు కొనుడు. పెండ్లిపందిట్లో డోలు వాయించువాడు, వంటవాని ప్రక్కన కూరలు తఱుగువాడు, ఉపన్యాసకుని కుర్చీ మోసికొనివచ్చువాడు, వీరందఱును వంతలే. వారి పేరడుగుటకు అర నిమిషము పట్టును. మాకు అఱువదేండ్లు పట్టినది. అప్పటికి చెప్పువాడు లేడు.

మనుమడు బెంగుళూరు వెళ్లునాడు ఆ లెక్కల పుస్తకమును వానికి చూపితిమి. వాడు పద్దును చదివి, కొంతసేపు ఊరకుండి, తాను స్నేహితులతో నడుపు చిన్న మేళములో డప్పులు వాయించుపిల్ల పేరు మాకు చెప్పెను. మేము అడుగకమునుపే చెప్పెను.