టీవీల చెప్పింది, భివండిల అయ్యింది

మా తాత నోటుబుక్కు గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాం. కార్ఖానా లెక్కల కోసం కొన్న పొడుగు పుస్తకం అది. ప్రతి పేజీకి నడుమ ఒక గీత. ఎడమ పక్కన "టీవీల చెప్పింది", కుడి పక్కన "భివండిల అయ్యింది". మా ఇంటిల్లిపాది ఒక తోటల కార్యక్రమం గురించి ఇరవై ఏళ్లు పడ్డ వాదులాట అంతా అందులోనే ఉంది.

మా వాళ్లు సిరిసిల్ల పక్క పల్లె నుండి వచ్చి ఇక్కడ పద్మనగర్‌లో స్థిరపడ్డారు. తాత ఒకరి కార్ఖానాలో సాంచె నడిపారు. తర్వాత బాపు, చిన్నబాపు కలిసి పన్నెండు సాంచాలు పెట్టుకున్నారు. ఊర్లో మాత్రం ఇరవై గుంటల చెలక మిగిలింది. దాన్ని దున్నేవారు లేరు, అమ్మే మాట తాత ఎత్తనిచ్చేవారు కాదు.

1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. మా గల్లీకి కేబుల్‌లో అది వచ్చాక పొద్దున ఆరున్నరకు 'అన్నదాత' పెట్టనిదే తాత చాయ్ ముట్టేవారు కాదు. రాత్రి పాళి దిగి బాపు ఇంటికి వచ్చే వేళ అది. చెవుల్లో సాంచాల చప్పుడు ఇంకా పోక బాపు టీవీ గట్టిగా పెట్టమనేవారు. పత్తి, మిరప, కూరగాయలు, పూల తోటలు ఏది చూపించినా తాతకు ఒక్కటే. కళ్లజోడు పెట్టుకుని రాసుకునేవారు.

మిగతా వాళ్లం ఊరికే చూసేవాళ్లం కాదు. తలా ఒక మాట అనేవాళ్లం. బాపమ్మకు ఆ భాషతోనే పేచీ. "పుంటికూర అనరాదా, గోంగూర గోంగూర అంటడు. ఎల్లిగడ్డను వెల్లుల్లి అంటడు. గీయన మన దిక్కు మనిషేనా?" అనేది. ఆమెకు ఇంకో కోపం కూడా ఉండేది. "గులాబీలు చూపెడ్తరు, చామంతి చూపెడ్తరు. బతుకమ్మకు గునుగు పువ్వెట్ల పెంచాల్నో ఒక్కనాడన్న చూపిచ్చిండ్రా?"

"గునుగంటె చేన్ల పీకి పారేశే గడ్డి. దాన్నెవడు చూపిస్తడే?" అని తాత.

"గడ్డి కాదు మామా, కూర. ఇక్కడ దాన్ని కుర్డూ అంటరు. వానకాలంల ఆదివాసీ ఆడోళ్లు లేత ఆకు కట్టలు కట్టి అమ్ముతరు" అని చిన్నమ్మ.

చిన్నమ్మ భివండిలోనే పుట్టి, మరాఠీ బడిలో చదువుకున్న మనిషి. ఆమె చూసేది దూరదర్శన్ మరాఠీ కార్యక్రమం, 'ఆమ్‌చీ మాతీ ఆమ్‌చీ మాణసం'. అంటే మా మట్టి, మా మనుషులు. ఆమె మాటలో న్యాయం ఉంది. సిరిసిల్ల వైపు పడే వానకు ఇక్కడి వాన రెండింతలకు పైమాటే. టీవీలో తొలకరికి విత్తనం వెయ్యమన్నారని తాత జూన్‌లో పెయింట్ డబ్బాల్లో పుంటికూర వేశారు. జూలైలో మొలకలన్నీ మొదళ్లు కుళ్లి పడిపోయాయి. "ఆ చెప్పేది ఆడి భూమికి మామా, గీడి వానకు కాదు. మరాఠీల చెప్పేది చూస్తె మనకు పనికొస్తది" అంది చిన్నమ్మ.

తాత తల తిప్పకుండానే అడిగారు. "ఆమ్‌చీ అంటె ఎవలిది? వాళ్లదా, మనదా?"

"నేను పుట్టింది గీడనే కద మామా. నాకు గిదే ఆమ్‌చీ."

తాత బదులు చెప్పలేదు. ఆ పేజీలో కుడి పక్కన మాత్రం "కుళ్లింది. కోడలు చెప్పింది నిజం" అని ఉంది. ఆ మాట చిన్నమ్మ చదివింది చాలా ఏళ్ల తర్వాత.

ఎవరిది ఎక్కడిదో తేల్చడం కష్టమని జీవామృతం కూడా మాకు నేర్పింది. పది కిలోల పేడ, పది లీటర్ల ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు మట్టి, రెండు వందల లీటర్ల నీళ్లు. ఈ లెక్క మేము తెలుగు టీవీలోనే విన్నాం. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన సుభాష్ పాలేకర్ గారు మహారాష్ట్రలోని అమరావతి జిల్లా మనిషని తర్వాత తెలిసింది. ఈ రాష్ట్రం సంగతి ఈ రాష్ట్రంలోనే ఉన్న మాకు హైదరాబాద్ మీదుగా తెలుగులో వచ్చిందన్న మాట. "ఎటు తిరిగొస్తె ఏంది? రెండు వందల లీటర్లు ఏ మోరీల పొయ్యాలె?" అన్నారు చిన్నబాపు. చిన్నబాపు భయం వేరు. డబ్బాల నీళ్లు స్లాబులోకి దిగితే కింద బీముల మీద కారుతుంది. బీము తడిస్తే గుడ్డ పోతుంది, కూలీ కూడా రాదు. అందుకే ప్రతి డబ్బా కింద ఇటుకలు పెట్టాం.

ఇంట్లో ఇప్పటికీ నవ్వుకునే పేజీ ఒకటుంది. ఆకుల మీద తెల్లగా కనిపిస్తే తెల్లదోమ కావచ్చు, వేపనూనె కొట్టండి అని టీవీలో చెప్పారు. తాత వారం రోజులు కొట్టారు. తెల్లారేసరికి మళ్లీ తెలుపు. చివరికి బాపు వచ్చి ఆకును వేలితో తుడిచి చూపించారు. "గిది దోమ కాదే బాపూ, మన కార్ఖానా పీచు!" దూది పీచు ఎగిరి ఆకుల మీద వాలుతోంది. కుడి పక్కన తాత రాసింది: "దోమ కాదు. దూది. నీళ్లతో కడగాలె."

తర్వాత కొన్ని పేజీలు ఖాళీ. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి, 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. గుడ్డ కొనేవాళ్లు లేక, నూలు బాకీ పెరిగి నాలుగు సాంచాలు తూకానికి అమ్మాం. అదీ చాలలేదు. ఊర్లోని ఇరవై గుంటలు అమ్మాలని చిన్నబాపు అన్నప్పుడు ఎవ్వరూ టీవీ వైపు కూడా చూడలేదు. తాత వెళ్లి సంతకం పెట్టి, రాత్రి బస్సులో తిరిగి వచ్చారు. మర్నాడు ఆరున్నర అయింది. టీవీ పెట్టలేదు. ఆ తర్వాతా పెట్టలేదు. ఎందుకని మేమూ అడగలేదు. లేని భూమికి సలహాలెందుకు అని అంటారేమోనని మా భయం.

ఏడాది దాకా అలాగే గడిచింది. ఒకనాడు చిన్నమ్మ ఫోన్‌లో ఒక వీడియో పెట్టి తాత చేతికిచ్చింది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద పెంచిన తోట అది. తాత మొత్తం చూశారు. "మంచిగుంది. ఆయన మిద్దె కింద సాంచాలు లేవు" అన్నారు. అప్పటిదాకా అన్నిటికీ అడ్డం చెప్పిన చిన్నబాపు "ఇటుకలు ఇంకో వరుస పెడ్దాం తియ్" అన్నారు. ఆ వారమే నోటుబుక్కులో రాత మళ్లీ మొదలైంది. "పుంటికూర మే 15న పెట్టిన. వానకు ముందే మూరెడు ఎదిగింది. నిల్చింది." దాని కింద, "గునుగు విత్తనం దులిపి పెట్టిన. బతుకమ్మకు అందింది." ఆ ఏడు పద్మనగర్‌లో మా బతుకమ్మకు పువ్వు కొనలేదని బాపమ్మ కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచాలన్నీ ఆగాయి. పని చేసేవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. మేము పుట్టినప్పటి నుండి అంత నిశ్శబ్దం వినలేదు. మిద్దె మీద ఆకులు మొదటిసారి పచ్చగా, కడిగినట్టు ఉన్నాయి. పిల్లలం సంబరపడి ఫొటోలు తీసుకుంటుంటే తాత అన్నారు. "ఆకు మీద పీచు లేదంటె పొయ్యి మీద కుండ లేనట్టె. గీ పచ్చదనం మనకొద్దు బిడ్డా."

తాత ఇప్పుడు లేరు. నోటుబుక్కులో చివరి రాత ఆ ఏడాది వానకాలానిది. ఎడమ పక్క ఏమీ లేదు. కుడి పక్కన ఒక్కటే వాక్యం: "ఇయ్యాల ఆకుల మీద మల్ల దూది పడ్డది."

చిన్నమ్మ ఇప్పుడు పొద్దున తెలుగుదీ, సాయంత్రం మరాఠీదీ చూస్తుంది. రాసేది మాత్రం అదే పుస్తకంలో, కుడి పక్కన. సూరత్‌లో, షోలాపూర్‌లో, ఇంకా దూరాన ఉన్న మన వాళ్లు మీ మిద్దెల మీద పుంటికూర ఏ నెలలో వేస్తే నిల్చిందో మాకు రాయండి. పేజీలు ఇంకా చాలా ఉన్నాయి.