ఈ బాట ఎలా కట్టమంటారు?

అక్టోబర్ వస్తే చాలు, షార్లెట్‌లోని తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే గోల. ‘ఆకులు రంగు తిరిగాయా? ఈ వీకెండ్ వెళ్లొచ్చా?’ అని. వెళ్లేది యాష్‌విల్‌కి. నార్త్ కరోలినాలో కొండల మధ్య ఉన్న ఊరు. మాకు కారులో రెండు గంటల పైచిలుకు. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ, బ్లూ రిడ్జ్ పార్క్‌వే పొడవునా ఎరుపూ పసుపూ కొండలు, ఓ వంద సెల్ఫీలు. చీకటిపడేసరికి ఇంటికి.

2023లో నేనూ అలాగే వెళ్లాను. కానీ నాకు ఎక్కువ గుర్తుండిపోయింది కొండలు కాదు. కింద ఊళ్లో, నది పక్కన ఉన్న ఓ నడక బాట.

ఆ నది పేరు ఫ్రెంచ్ బ్రాడ్. మన నదుల్లా తూర్పుకి పోదు, ఉత్తరానికి పారుతుంది. కొండల్ని చీల్చుకుంటూ టెన్నెసీ రాష్ట్రంలోకి వెళ్లి, నాక్స్‌విల్ దగ్గర హోల్‌స్టన్‌తో కలిసి టెన్నెసీ నది అవుతుంది. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ప్రాంతం వైపు పారేది కాబట్టి ఆ పేరు వచ్చింది. బాట పేరు విల్మా డైక్‌మన్ గ్రీన్‌వే. డైక్‌మన్ ఈ ఊళ్లోనే పుట్టిన రచయిత్రి. 1955లో ఈ నది మీద ఒక పుస్తకం రాసింది. నదిని మురికి చేసిందెవరని అందులో ఒక అధ్యాయమంతా నిలదీసింది. పర్యావరణం అన్న మాట ఇంకా ఎవరి నోటా లేని రోజుల్లో! అలాంటావిడ పేరు పెట్టిన బాట 2021లో తెరుచుకుంది.

ఆ రోజు నేను అక్కడ చూసింది పెద్ద వింతేం కాదు. స్ట్రోలర్లు తోసుకుంటూ అమ్మానాన్నలు, సైకిళ్ల మీద పిల్లలు, గాలం వేసి కూర్చున్న ఓ పెద్దాయన. పాత ఫ్యాక్టరీ గోడల మీద రంగురంగుల బొమ్మలు. లోపల కళాకారుల స్టూడియోలు. టికెట్ లేదు, గేటు లేదు. ఎవరైనా రావొచ్చు, ఎంతసేపైనా నడవొచ్చు.

వీడియో తీసి నాన్నకి పంపించాను. మాది విజయవాడ, సింగ్‌నగర్. నాన్న రోజూ పొద్దున్నే బుడమేరు కట్ట మీద నడుస్తాడు. వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది: “బాగుందిరా. మన కట్టకి కూడా ఇట్టా చేస్తే ఎంత బాగుండు. ఆ కంపచెట్లు కొట్టి, నాలుగు లైట్లేస్తే చాలు.”

ఒకే నెలలో రెండు వరదలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరుకి గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ మునిగిపోయింది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. 2005లో బుడమేరు పొంగినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ నీళ్లు ఎంతవరకు వచ్చాయో నాన్న గోడ మీద మేకుతో గీత గీశాడు. తర్వాత ఇల్లు తిరిగి కట్టించినప్పుడు అరుగుని ఆ గీత కన్నా రెండడుగులు పైకి లేపించాడు. “ఇంక మనకి భయం లేదు” అన్నాడు. 2024లో నీళ్లు ఆ అరుగు దాటి, కిటికీలు దాటి వచ్చాయి. అమ్మానాన్నా పక్కింటి డాబా మీద రెండు రాత్రులు ఉన్నారు. మూడోరోజు పడవలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి చేరాక నాన్న ఫోన్ కలిసింది. నేను షార్లెట్‌లో కూర్చుని న్యూస్ చానళ్ల లైవ్‌లు చూడ్డం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ఇంకా మా ఇంట్లో బురద కడగడం పూర్తి కాలేదు. సెప్టెంబరు 27న హరికేన్ హెలీన్ యాష్‌విల్‌ మీదికి వచ్చింది. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, కొండల్లో ఉన్న ఊరికి తుపానేంటి అనుకున్నారు అందరూ. అంతకు ముందు రెండు రోజుల నుంచే వాన. నేల ఇంక తాగలేనంత తాగింది. దాని మీద హెలీన్. ఫ్రెంచ్ బ్రాడ్ 24 అడుగులు దాటింది. 1916 నాటి వరద రికార్డు 108 ఏళ్ల తర్వాత చెరిగిపోయింది. ఊళ్లో కుళాయిల్లో తాగే నీళ్లు రావడానికి 53 రోజులు పట్టింది.

విజయవాడలో 2005 గీత, యాష్‌విల్‌లో 1916 గీత. రెండూ ఒకే నెలలో మునిగిపోయాయి. ఆ వీడియోలో నేను నడిచిన బాట కూడా.

నీళ్లు బాటని ఎలా తింటాయి?

2025లో మళ్లీ వెళ్లాను, ఈసారి ఒక్కణ్నే. ఐ-26 దిగి నేరుగా నది దగ్గరికే పోయాను. బాట కొంత తెరిచారు, కొంత మూసేశారు. చెట్ల పైకొమ్మల్లో ఇంకా ప్లాస్టిక్ ముక్కలు వేలాడుతున్నాయి. తల ఎత్తి చూస్తే తెలుస్తుంది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో.

కంచె వేసిన ఒకచోట ఆగి చూశాను. బాట పై పొర పలకలా గాల్లోకి సాగి ఉంది. దాని కింద మట్టి లేదు. మనం అనుకుంటాం, వరద పైనుంచి కొట్టి పగలగొడుతుందని. అది సగమే నిజం. నీళ్లు ఎక్కువగా కిందనుంచి తింటాయి. ఒడ్డు అంచు మట్టిని కోసుకుంటూ వచ్చి, బాట కింద ఉన్న కంకరని లాగేస్తాయి. పైపొర బాగానే కనిపిస్తూ ఉంటుంది, కింద ఖాళీ. బరువు పడగానే విరుగుతుంది.

అందుకే పైన తారు పోసేస్తే బాగుచేసినట్టు కాదు. ఒడ్డు నిలవాలి. దానికి పెద్ద రాళ్లు పేర్చొచ్చు. నీటి పక్కన బతికే చెట్ల కొమ్మలు పాతి, వేళ్లతో మట్టిని పట్టించొచ్చు. లేదంటే బాటనే అంచు నుంచి వెనక్కి జరపొచ్చు. బెంచీలు, రెయిలింగులు కూడా ఆలోచించి పెట్టాలి. కొట్టుకొచ్చిన దుంగలు వాటికి పట్టుకుని అడ్డం పడితే, నీళ్లు పక్కనుంచి కొత్త దారి తవ్వుకుంటాయి.

ఇక డబ్బు. అమెరికాలో విపత్తుల తర్వాత సాయం చేసే ఫెడరల్ ఏజెన్సీ ఫెమా. అది సాధారణంగా డబ్బిచ్చేది, వరదకి ముందు ఎలా ఉందో అలా కట్టడానికే. ఇంకోసారి వరదొచ్చినా తట్టుకునేలా మార్చాలంటే, ఆ మార్పు వల్ల ముందుముందు ఎంత నష్టం తగ్గుతుందో లెక్క చూపించాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలిసిన బాధే. సర్వర్ పడిపోతే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం తేలిక, మేనేజరు వెంటనే ఒప్పుకుంటాడు. కానీ పడిపోయింది ఆ పాత వెర్షనే కదా!

నన్నెందుకు అడుగుతున్నారు?

నేను కంచె దగ్గర నిలబడి ఫొటోలు తీస్తుంటే ఒక పెద్దావిడ కుక్కని తిప్పుకుంటూ వచ్చి పలకరించింది. నది పార్కుల్ని మళ్లీ ఎలా కట్టాలో నగరం వాళ్లు జనాన్ని అడుగుతున్నారని, సమావేశాలు పెడుతున్నారని, సర్వే కూడా ఉందని చెప్పింది. “నువ్వు నింపావా?” అంది.

నేను ఈ ఊరివాణ్ని కాదన్నాను.

“నడిచావు కదా?” అంది.

అక్కడే గట్టు మీద కూర్చుని ఫోన్లో తెరిచాను. ఈ బాటని ఎందుకు వాడేవారు? దేన్ని ముందు బాగుచేయాలి? ఏది మారితే బాగుంటుంది? ఇలాంటివే. రాకెట్ సైన్స్ ఏమీ లేదు. కానీ ఆ ప్రశ్నలు చదువుతుంటే, ఇవి మర్యాద కోసం అడుగుతున్నవి కాదనిపించింది. ఏ మలుపు దగ్గర ముందు నీళ్లొచ్చాయి, ఏ చెట్టు నిలబడింది, వీల్‌చైర్ ఎక్కడ ఇరుక్కునేది, రాత్రి షిఫ్ట్ అయ్యాక సైకిల్ మీద ఇంటికెళ్లేవాళ్లు ఏ దారి పట్టేవారు... ఇదంతా శాటిలైట్ ఫొటోలో దొరకదు. నడిచేవాళ్ల దగ్గరే ఉంటుంది. అడక్కపోతే ఆ డేటా పోయినట్టే.

అలాగని అక్కడంతా స్వర్గం అని చెప్పను. “ఇళ్లు పోయినవాళ్లు ఇంకా అద్దెలకి వెతుక్కుంటుంటే పార్కుల గొడవేంటి?” అనేవాళ్లు ఉన్నారు. ఆ మాట తప్పనీ అనలేం. అడగడం మొదలుపెడితే పనీ ఆలస్యమవుతుంది. ఒకరికి సైకిల్ బాట కావాలి, ఒకరికి ఆటస్థలం, ఇంకొకరికి అక్కడ అసలేమీ కట్టకుండా నదికి వదిలేయాలి.

పైగా ఈ ఊరు ఎప్పుడూ ఇలా అడిగిందేం కాదు. 1960, 70ల్లో ‘అర్బన్ రెన్యువల్’ పేరుతో ఇక్కడి నల్లజాతి కుటుంబాల పేటల్ని ఖాళీ చేయించారు. అలా పోయిన పేటల్లో కొన్ని ఈ నదికి దగ్గర్లోనివే. దానికి నగర కౌన్సిల్ 2020లో క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. అంటే అడగకుండా గీసిన గీతల ఖరీదు తెలిశాకే, అడగడం నేర్చుకుంటున్నారన్నమాట.

సర్వే చివర్లో ఇంకేమైనా చెప్పాలా అని ఖాళీ పెట్టె. నేను రాశాను: ‘బాటని కాస్త వెనక్కి జరపండి. అంచుని నదికి వదిలేయండి. కానీ నీళ్ల దగ్గరికి దిగే చోటు ఒక్కటైనా ఉంచండి. నాన్నకి చూపించాలి.’

పంపించాక ఎందుకో అక్కణ్నుంచి లేవబుద్ధి కాలేదు.

నాన్నని అడిగాను

వరద తర్వాత మా ఇంటికి ఎవరెవరో వచ్చారు. నష్టం రాసుకున్నారు, సంతకాలు తీసుకున్నారు. ‘మీకు నీళ్లు ఎటునుంచి వచ్చాయి? ఈసారి ఏం చేస్తే బాగుంటుంది?’ అని మాత్రం నాన్నని ఎవరూ అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఆ కట్ట మీద నడుస్తున్న మనిషిని. దీని గురించి నేను ఫ్రెండ్స్ దగ్గర చాలాసార్లు గట్టిగా మాట్లాడాను కూడా.

ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు తట్టింది. నేను మాత్రం అడిగానా?

వరద తగ్గిన నెలకే నేను తాడేపల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్ చూశాను. ఏడో అంతస్తు, లిఫ్టు, జనరేటరు. ఫొటోలు పంపి, “ఈ ఇల్లు అమ్మేద్దాం నాన్నా, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా” అన్నాను. నాన్న ఏం మాట్లాడలేదు. అప్పట్నుంచి మా ఫోన్లు వాతావరణం, బీపీ మాత్రల దగ్గరే ఆగిపోతున్నాయి. నేనేమో ఆయన మొండితనం అనుకున్నాను.

అక్కణ్నుంచే ఫోన్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. “నాన్నా, ఒకటి అడుగుతా. ఆ అపార్ట్‌మెంట్ సంగతి పక్కనపెట్టు. అసలు నువ్వేం చేద్దామనుకుంటున్నావు?”

కాసేపు నిశ్శబ్దం. తర్వాత నలభై నిమిషాలు ఆయనే మాట్లాడాడు. నీళ్లు ముందు వీధిలోంచి కాదట, వెనక కాలవలోంచి ఎదురు తన్నాయట. మా సందులో అందరికన్నా ముందు మునిగింది ఎవరిల్లో, చివర మునిగింది ఎవరిల్లో వరసగా చెప్పాడు. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు పొలాలని, పల్లమని, “నీళ్లు వాటి చోటికి అవి వచ్చినయ్, మనమే మధ్యలో కూర్చున్నాం” అన్నాడు.

“మరి ఇంకా అక్కడే ఎందుకు?”

“ఏడో అంతస్తులో నన్ను ‘ఏంటి బాబాయ్’ అని పిలిచేవాడెవడురా? పైన రెండు గదులేద్దాం. కింద బండి, కుర్చీలు, పాత సామాను పెట్టుకుందాం. మళ్లీ వచ్చిందనుకో, కింద వరదకి వదిలేద్దాం. మనం పైన కూర్చుందాం. నాలుగురోజులు గడవడానికి నీళ్లు, బియ్యం, గ్యాస్ బండ పైనే ఉంచుకుందాం.”

నేను సర్వేలో రాసిందే! అంచుని నదికి వదిలేయమని ఊరుకాని ఊరికి సలహా ఇచ్చాను. ఆ మాట నాన్న మనసులో ఏడాదిగా ఉంది, నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇంజినీరుకి చూపిస్తే, పాత పునాది మీద పై అంతస్తు వేయాలంటే కింద నాలుగు స్తంభాల్ని బలపరచాలన్నాడు. అపార్ట్‌మెంట్ అడ్వాన్స్ వెనక్కి తీసుకుని ఆ పని మొదలుపెట్టించాను. ఇప్పుడు పైన గోడలు లేస్తున్నాయి. వరద రాకుండా ఇది ఆపదని తెలుసు. బుడమేరుకి చేయాల్సింది వేరే ఉంది, అది మా ఒక్క ఇంటితో అయ్యేది కాదు.

యాష్‌విల్‌లో ఆ బాట మొత్తం ఎప్పటికి పూర్తవుతుందో అక్కడివాళ్లే తొందరపడటం లేదు. మీరు ఆకుల కోసం వెళ్తే ఓ గంట కిందికి దిగి నది దగ్గర కూడా నడవండి. పార్క్‌వేలో, గ్రీన్‌వేలో ఏ భాగం తెరిచి ఉందో బయల్దేరే ముందు ఫోన్లో చూసుకోండి. కంచె ఉన్నచోట రీల్ కోసం మాత్రం దాటకండి. బాట కింద మట్టి ఉందో లేదో పైనుంచి తెలియదు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నాన్న ప్లాన్ కాగితం చూపించాడు. పైకి మెట్లు ఇంటి లోపలినుంచి పెట్టాలా, బయటినుంచా అని అరగంట చర్చించాం. నేను లోపలన్నాను, ఆయన బయటన్నాడు. వెనకాల వంటింట్లోంచి గట్టిగా గిన్నె పెట్టిన చప్పుడు.

“రోజుకి పదిసార్లు ఎక్కి దిగాల్సింది నేను. నన్నెవరైనా అడిగారా?” అంది అమ్మ.