మన వ్యాను యాంప్లిఫయరు సంగతి



మన పెరంబూరు వ్యానులో పాటలు ఎందుకు ఆగాయి, మళ్ళీ ఎలా వచ్చాయి అని చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి ఫోనులో చెప్పేకంటే ఇక్కడే వివరంగా రాస్తున్నాం. మీ కార్లలోనూ యాంప్లిఫయర్లు ఉంటాయి కాబట్టి పనికొస్తుంది.

శ్రీరామనవమి ఊరేగింపుకు నాలుగు రోజుల ముందు కొత్త స్టీరియో బిగించడానికి వ్యానును ఒక షాపుకు పంపాం. అక్కడ యాంప్లిఫయరు వైర్లు విప్పి మళ్ళీ పెట్టేటప్పుడు తారుమారయ్యాయి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు ఎర్తు స్క్రూకు, వ్యాను బాడీ నుంచి వచ్చే వైరు ప్లస్ స్క్రూకు పడ్డాయి. రెండూ నల్లవే మరి. టప్పుమని ఫ్యూజు పోయింది. వైర్లు సరిచేసి కొత్త ఫ్యూజు వేశారు, అదీ పోయింది. "ఇది అయిపోయింది సార్, కొత్తది కొనుక్కోండి" అన్నారు. పక్కనున్న ఒకాయన "30 బదులు 60 ఫ్యూజు వేసి చూడండి" అన్నాడు. రెండు మాటలూ వినకుండా వ్యాను తెచ్చేసుకున్నాం.

ఎందుకంటే కొత్తది కొనాలంటే జూన్‌లో పిల్లలకిచ్చే నోటు పుస్తకాల డబ్బు తీయాలి. ఊరికే వదిలేద్దామా అంటే, మన భజన బృందం రికార్డు చేసిన రామదాసు కీర్తనలు ఆ పెట్టెలోంచే వీధికి వినిపించాలి. ఆ పాడినవాళ్ళలో ముగ్గురి గొంతులు ఇప్పుడు ఆ రికార్డులో మాత్రమే ఉన్నాయి.

అసలు విషయానికి వద్దాం. కారు యాంప్లిఫయరుకు కరెంటు వైపు మూడు స్క్రూలుంటాయి. ప్లస్ బ్యాటరీకి, ఎర్తు బండి బాడీకి, మూడోది రిమోట్. స్టీరియో ఆన్ చేయగానే రిమోట్ వైరులో 12 వోల్టులు వచ్చి యాంప్లిఫయరును లేపుతుంది. ఆ సన్న వైరు ఊడినా పెట్టె మూగబోతుంది. కాబట్టి ముందు మీటరు తీసి ఈ మూడూ చూడాలి. ఇంజను ఆపినప్పుడు మంచి బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది, ఇంజను నడుస్తుంటే 14 దగ్గర.

అవన్నీ బాగున్నా మన ఫ్యూజు ఎందుకు పోతోంది? చాలా యాంప్లిఫయర్లలో ప్లస్‌కూ ఎర్తుకూ మధ్య ఒక డయోడు ఉంటుంది. అది ఒకవైపు దారి మాత్రమే. వైర్లు సరిగ్గా ఉన్నంతకాలం దానికి పని లేదు. తిరగబడితే కరెంటంతా తన గుండా పోనిచ్చి ఫ్యూజును కాల్చేస్తుంది, మిగతా భాగాలను కాపాడుతుంది. ఆ దెబ్బకు ఒక్కోసారి డయోడే రెండువైపులా దారి ఇచ్చేస్తుంది. ఇక వైర్లు సరిచేసినా, ఎన్ని ఫ్యూజులు వేసినా పోతూనే ఉంటాయి.

వైర్లన్నీ విప్పి, మీటరు కడ్డీలను ప్లస్, ఎర్తు స్క్రూల మీద పెట్టాం. కూసింది. కడ్డీలు మార్చి పెట్టాం. అప్పుడూ కూసింది. లోపల షార్టు ఉందన్నమాట. రూఢి చేసుకోవడానికి ఫ్యూజు ఉండే చోట 55 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించాం. ఆ బల్బు ఐదు ఆంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి భయం లేదు. యాంప్లిఫయరు బాగుంటే బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది. మాది నిండుగా వెలుగుతూ నిలిచింది.

మాకు తెలిసిన రేడియో మెకానిక్కు మూత విప్పి చూస్తే డయోడు పగిలి ఉంది. మాస్‌ఫెట్లు ఒక్కొక్కటీ పరీక్షించాడు, అన్నీ బాగున్నాయి. 60 ఫ్యూజు వేసి ఉంటే ప్రమాదమే. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా కాపాడటానికి. 30 మోసే వైరుకు 60 పెడితే ఫ్యూజు నిలుస్తుంది, వైరు అంటుకుంటుంది. ఆ వ్యానులో మన పెద్దవాళ్ళు, పిల్లలు కూర్చుంటారు. రిచీ వీధిలో కొత్త డయోడు తెచ్చి వేయించాం. మళ్ళీ బల్బు పరీక్ష చేశాం. మెరిసి ఆరిపోయింది.

పాట వచ్చింది కానీ శబ్దం పెంచితే ఆగిపోయేది. ఇక్కడ మేం తమిళ బడిలో నేర్చుకున్న మాటలు పనికొచ్చాయి. వోల్టేజీని అక్కడ మిన్నళుత్తం అనేవారు, కరెంటును మిన్నోట్టం. అళుత్తం అంటే ఒత్తిడి, ఓట్టం అంటే పరుగు. కుళాయి మూసి ఉన్నప్పుడు గొట్టంలో ఒత్తిడి బాగానే ఉంటుంది. తిప్పితే గానీ ఎక్కడ అడ్డుందో తెలియదు. అలాగే పాట పెద్దగా నడుస్తుండగా బ్యాటరీ మైనస్‌కూ యాంప్లిఫయరు ఎర్తు స్క్రూకూ మధ్య మీటరు పెట్టాం. అర వోల్టు కూడా దాటకూడని చోట రెండు చూపించింది. షాపులో ఎర్తు వైరును రంగు వేసిన రేకు మీదే బిగించారు. ఉప్పుకాగితంతో రంగు గీకి, మెరిసే ఇనుము మీద బిగించాక రోగం కుదిరింది.

ఎవరికైనా ఇలాగే జరిగితే ఈ వరుస గుర్తుంచుకోండి. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. పోయిన ఫ్యూజు స్థానంలో అదే అంకె ఉన్నది వేయండి. 30 ఆంపియర్లది ఆకుపచ్చ రంగు, 20ది పసుపు. అదీ పోతే మూడోది వేయకండి, షార్టు వెతకండి. ఫ్యూజు నిలిచి ప్రొటెక్ట్ లైటు వెలుగుతుంటే స్పీకరు వైర్లన్నీ తీసి చూడండి. లైటు ఆరితే తప్పు స్పీకరు వైపు ఉంది, ఏదో వైరు బాడీకి తగులుతుండవచ్చు.

ఇప్పుడు మన వ్యానులో ప్లస్ వైరుకు రెండు చివరలా ఎర్ర తొడుగు వేశాం. మూడు స్క్రూల పేర్లు తెలుగులోనూ తమిళంలోనూ రాసి పక్కన అతికించాం, డ్రైవరు తంబికి తమిళమే వచ్చు. ఖర్చు రసీదులు ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. నోటు పుస్తకాల డబ్బు ముట్టుకోలేదు. ఊరేగింపులో మొదటి పాట మూడో వీధి మలుపు దాకా వినిపించిందని అక్కడివాళ్ళే వచ్చి చెప్పారు.