వరి సీమలో కాఫీ పరిమళం

ఛత్తీస్‌గఢ్‌కు ‘వరి గిన్నె’ అని పేరు. రాజధాని రాయ్‌పూర్‌లో తెల్లవారితే వీధి మలుపుల్లో పొగలు చిమ్మేది తేనీరే. పోహా, జిలేబీ, పక్కన చిన్న గ్లాసుడు టీ. అటువంటి చోట సొంతంగా మేలురకం కాఫీ దుకాణం తెరవబూనడం సాహసమే.

అయితే ఈ నగరానికి కాఫీ కొత్తదేమీ కాదు. 1950 దశకంలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, వీధిన పడ్డ కార్మికులు ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు స్థాపించుకున్నారు. తొలి సంఘం 1957లో బెంగుళూరులో వెలసింది. జబల్‌పూర్ సంఘం నడిపే ఇండియన్ కాఫీ హౌసులు రాయ్‌పూర్‌లోనూ ఉన్నాయి.

కొత్త దుకాణదారుకు గింజ కోసం మరీ దూరం పోనక్కరలేదు. అరకు, కోరాపుట్ కొండలకు పడమటనున్న బస్తర్‌లో, దర్భా ప్రాంతంలో 2017లో కాఫీ తోటల పెంపకం మొదలైంది. గింజ దొరకడం ఒక ఎత్తు, దాన్ని కాపాడుకోవడం మరొక ఎత్తు. వేయించిన గింజ కొద్ది వారాల్లోనే సువాసన కోల్పోతుంది. 40 డిగ్రీలు దాటే రాయ్‌పూర్ వేసవి ఆ నష్టాన్ని త్వరపరుస్తుంది. కనుక కొద్దికొద్దిగా వేయించాలి, గాలి చొరని డబ్బాలో దాచాలి, అడిగినప్పుడే పొడి చేయాలి. నీటి వేడి 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలి.

ఇంత శ్రమకూ వెల కట్టవలసినవాడు వీధి టీకి అలవాటుపడ్డ మనిషి. ధర తగ్గిస్తే గిరిజన రైతుకు నష్టం. పెంచితే బల్లలు ఖాళీ. ఈ చిక్కుకు కాఫీ హౌసే దారి చూపుతుంది. అక్కడ జనం కాఫీకి మాత్రమే రారు. తొందరపెట్టేవారు లేకుండా కాసేపు కూర్చుని మాట్లాడుకోవడానికి వస్తారు. కొత్త దుకాణం మొదట సిద్ధం చేసుకోవలసింది ఆ తీరికనే.