రాజపాళయంలో ఒక పూట

మా తెలుగు సంఘం కార్యదర్శి పని ఇక నావల్ల కాదని ఉత్తరం రాసి, జేబులో పెట్టుకునే మొన్న వేసవిలో రాజపాళయం వెళ్ళాను. ఉగాదికి రెండువందల మంది భోంచేశారు. బల్లలు సర్దడానికి ఒక్కరూ మిగల్లేదు. అందరిమీదా కేకలేశాను. తరువాతి సమావేశానికి సగం మంది రాలేదు.

మదురై నుంచి బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. శ్రీవిల్లిపుత్తూరు గోపురం దాటాక, పడమటి కనుమల నీడన ఊరు. నూలు మిల్లులకూ, మామిడిపళ్ళకూ, తెల్లటి వేటకుక్కలకూ పేరున్న ఊరు. ఇక్కడి రాజులు తమ పూర్వీకులు విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు.

మిత్రుడి గృహప్రవేశం. మొదటి పంక్తి లేవగానే, డెబ్భై దాటిన ఇంటి పెద్దాయన పంచె ఎగగట్టి ఎంగిలాకులు తీయసాగారు. ఎవరినీ పిలవలేదు, విసుక్కోలేదు. "మేం తీస్తాం, ఉండండి పెదనాన్నా!" అంటూ నలుగురు కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆయన మానలేదు. "పప్పు బాగుందా నాయనా?" అని వాళ్ళను పలకరిస్తూ చివరి ఆకుదాకా తీశారు.

సాయంత్రం ఆయనే నన్ను గాంధీ కలై మండ్రానికి తీసుకెళ్ళారు. అది పూసపాటి కుమారస్వామి రాజా గారి ఇల్లు. చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆయన 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించారు. తరువాత ఒరిస్సా గవర్నరయ్యారు. సొంత ఇంటిని ఊరి కళలకోసం ఇచ్చేశారు.

"పదవి వస్తే ఇల్లు కట్టుకుంటారు. ఈయన ఉన్న ఇల్లే ఇచ్చేశారు" అన్నారు పెద్దాయన.

మనసులోది దాచుకోలేకపోయాను. "ఎప్పుడూ మనమే వంగితే అలుసైపోమా అండీ?"

ఆయన నవ్వేశారు. "వంగితే నడుం నొప్పి పుడుతుంది, అంతే. కేకలేస్తే మనుషులే పోతారు."

దసరా కార్యక్రమానికి గంట ముందే వెళ్ళి చీపురు పట్టాను. వచ్చినవాళ్ళను పేరుపేరునా పలకరించాను. చాలాసేపు ఎవరూ కదల్లేదు. మూడో బల్ల జరుపుతుంటే ఒక పదో తరగతి కుర్రాడు వచ్చి, "ఇటు నేను పడతానంకుల్" అంటూ రెండో కొస ఎత్తాడు. వాడి వెనకే వాళ్ళ నాన్న.

ఆ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది.